దుంగని లోపలికి లాగడం

గ్రీనిచ్, లండన్
ఆదివారం

నాన్నగారికి నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో సగం మాట మీకు వినపడదు కాబట్టి ఈ కబురు కాగితం మీదే పెడుతున్నాను.

మొన్న ఆ పింఛను సైటు మూడోసారి కూడా పాస్‌వర్డ్ తప్పంటే మీకు ఒళ్ళు మండి, "లాగ్ అంటే దుంగ, ఇన్ అంటే లోపల. దుంగని లోపలికి లాగడమా వీళ్ళ లాగిన్?" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. తీరా చూస్తే మీరు చాలా దగ్గరికే వెళ్ళారు.

నిన్న చంటిదాన్ని తీసుకుని థేమ్స్ ఒడ్డున ఉన్న కట్టీ సార్క్ చూడ్డానికి వెళ్ళాం. 1869లో నీళ్ళలోకి దింపిన తెరచాప ఓడ, చైనా నుంచి తేయాకు మోసేది. 17 నాట్ల వేగం కూడా దాటిందట. తుఫాను వార్తల్లో మీరు వినే నాట్లే. నాట్ అంటే ముడి కదా, వేగానికి ముడేంటి అని చంటిది పట్టుకుంది. అక్కడ ఓ తెల్లగడ్డం పెద్దాయన ఓపిగ్గా తాడు తీసి చూపించాడు.

అప్పడాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎలా ఉంటుందో అలాంటి చెక్క. దాని పేరే లాగ్. గుండ్రటి అంచుకి సీసం బరువు, అందుకని నీళ్ళలో నిటారుగా నిలబడుతుంది. దాన్ని ఓడ వెనక నుంచి విసిరితే ఉన్నచోటే దాదాపు ఆగిపోతుంది, ఓడ ముందుకి పోతుంది, తాడు విప్పుకుంటూ ఉంటుంది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకో ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు వేళ్ళ మధ్యనుంచి ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. 1574లోనే విలియం బోర్న్ అనే ఆయన ఈ పద్ధతి గురించి రాశాడు. లెక్క అయ్యాక తాడుని ఒక్క గుంజు గుంజితే చెక్కకున్న మేకు ఊడి, అది వెల్లకిలా పడుతుంది. అప్పుడు తేలిగ్గా వెనక్కి లాగేస్తారు. దుంగని లోపలికి లాగడమే కదా!

అయితే లాగిన్‌లో 'ఇన్' ఈ లాగడం కాదు లెండి. ఆ వేగం రాసుకునే పుస్తకం లాగ్ బుక్ అయింది. తర్వాత ఏది వరసగా నమోదు చేసినా లాగే. రాత్రి డ్యూటీకి నేను క్యారేజీ తెచ్చేసరికి మీరు సబ్‌స్టేషన్‌లో లాగ్ షీటు ముందేసుకుని గంట గంటకీ వోల్టేజీ, ఆంపియర్లు దింపేవారు. ఫీడరు ట్రిప్పయితే ఆ టైము ఎర్ర ఇంకుతో. ముప్ఫై ఏళ్ళు ఆ చెక్కముక్క పేరు చెప్పుకునే బతికాం మనం.

1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్ళు ఒకే పెద్ద కంప్యూటరుని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేశారు. ఎవరు ఎంతసేపు వాడారో లెక్క ఉండాలిగా? అందుకని ముందు లాగిన్ అని కొట్టి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. డ్యూటీ ఎక్కుతూ రిజిస్టర్లో సంతకం పెట్టడం లాంటిదే. లాగ్ ఇన్ అంటే పుస్తకంలోకి ఎక్కడం, లాగవుట్ అంటే దిగిపోవడం. మీరేమో ఎక్కడమే గాని దిగరు. ఊరికే ఫోను పక్కన పడేస్తారు. ఆ అలవాటు మానండి.

పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరం పెద్దది కొట్టాలి. బహుశా తప్పు అక్కడే. ఇంకోసారి తప్పు కొట్టకుండా ఆగండి, వచ్చే ఆదివారం వీడియోలో ఇద్దరం కలిసి చేద్దాం. ఈలోపు చంటిది అమ్మమ్మ పంపిన మొలతాడుకి వరసగా ముడులేసి, టబ్బులో పడవ వేగం కొలుస్తోంది. ఇల్లంతా నీళ్ళు.

మీ
చిన్నోడు