రక్తస్రావానికి పైకట్టు చాలదు

సంపాదకుల వారికి,

ప్రమాదాల్లో ప్రథమ చికిత్స గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, తీవ్ర రక్తస్రావం సంగతి ‘శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టి ఆసుపత్రికి తరలించాలి’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోయింది. అత్యవసర విభాగంలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కనుక ఆ వాక్యాన్ని దాటి ముందుకు పోలేకపోయాను. తొడ మొదట్లోనో చంకలోనో పెద్ద ధమని తెగినప్పుడు పైన చుట్టిన కట్టు రక్తాన్ని ఆపదు, కంటికి కనబడకుండా చేస్తుందంతే. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. అలాంటి గాయంలో ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు.

చేతికో కాలికో గాయమైతే దానికి పైభాగాన టూర్నికెట్, అంటే రక్తప్రవాహాన్ని ఆపే పట్టీ, బిగించవచ్చు. గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో అలా బిగించే వీలే లేదు. హీమోస్టాటిక్ గాజ్ అక్కరకొచ్చేది ముఖ్యంగా అక్కడే. చూడటానికి మామూలు గాజ్ గుడ్డలాగే ఉన్నా, రక్తాన్ని త్వరగా గడ్డకట్టించే పదార్థాన్ని దానికి పట్టించి ఉంచుతారు. ఒక రకంలో ఉండేది కేయోలిన్ అనే తెల్లమట్టి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కారకాల్లో పన్నెండవదాన్ని అది మేల్కొలుపుతుంది. మరో రకంలో రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఉంటుంది. అది ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని జిగురుముద్దగా మారి గాయాన్ని మూస్తుంది. అంతకుముందు వాడిన జియోలైట్ పొడి తడి తగలగానే వేడెక్కి ఒంటిని కాల్చేది. 2008లో అమెరికా సైనిక వైద్య నిపుణులు కేయోలిన్ గాజ్‌నే ముందుగా వాడాలని సిఫారసు చేశారు.

అయితే ఎంత మంచి గాజ్ అయినా గాయం మీద పరిస్తే వృథా. రక్తం ఎక్కడి నుంచి ఉబుకుతోందో సరిగ్గా అక్కడికి వేలితో గుడ్డ కొసను చేర్చి, ఆ వేలి ఒత్తిడి సడలకముందే రెండో చేతి వేలితో తరువాతి మడతను లోపలికి తోస్తూ, గాయం గుంత నిండి గుడ్డ పైకి ఉబ్బేదాకా దట్టించాలి. ఆ తరువాత అరచేతి మీద అరచేయి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా మోపి కనీసం 3 నిమిషాలు అదిమి పట్టాలి. గడియారం చూస్తూ పట్టుకుంటే ఆ 3 నిమిషాలు ఎంత పొడుగో తెలుస్తుంది.

ఒకసారి తొడలో లోతైన గాయమైన యువకుడిని తీసుకొచ్చిన బంధువు, ఆగిందో లేదోనన్న ఆత్రంతో దారి పొడుగునా తువ్వాలు ఎత్తి చూస్తూనే వచ్చానని చెప్పాడు. మా ఎదుట కూడా ఎత్తబోయాడు. ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కట్టిన లేత గడ్డ గుడ్డతోపాటు ఊడివచ్చి రక్తం మళ్లీ చిమ్ముతుంది. ఆ యువకుడు బతికాడు గానీ ఎంతో రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఎత్తకూడదని ఆ బంధువుకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే మరో గుడ్డ వేసి ఇంకా గట్టిగా అదమాలి. లోపల దట్టించినదాన్ని వైద్యులే తీయాలి. ఏది వాడారో వారికి తెలిసేలా ఖాళీ ప్యాకెట్టును రోగితోపాటే పంపాలి.

ఛాతీ, పొట్ట, తల గాయాల్లోకి మాత్రం దేన్నీ దట్టించకూడదు. ఇక హీమోస్టాటిక్ గాజ్ దొరకలేదని చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మామూలు గాజ్‌నో శుభ్రమైన నూలుగుడ్డనో ఇదే పద్ధతిలో దట్టించి, ఇంకా ఎక్కువసేపు, 10 నిమిషాల దాకా అదిమి పట్టవచ్చు.

ఈ పద్ధతిని బొమ్మలతో సహా, వేళ్లు ఎలా కదలాలో తెలిసేటట్టు, మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. బడుల్లో, కర్మాగారాల్లో ప్రథమ చికిత్స పెట్టెలు చూసుకునేవారు గడువు తీరని హీమోస్టాటిక్ గాజ్ ప్యాకెట్టును అందులో ఉంచడంతోపాటు, లోతుగా కోసిన స్పాంజి ముక్కలో మామూలు గాజ్‌ను దట్టించడం తమ సిబ్బంది చేత ఏడాదికి ఒకసారైనా సాధన చేయించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు