మీ ఇంటి కాఫీ పొడి లెక్క దొరికింది

అనంతపురం,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

హైదరాబాదులో ఎంత ఖరీదైన పొడి తెప్పించినా అమ్మ చేతి కాఫీ రుచి రావడం లేదని నువ్వు ఫోనులో చెప్పిన మాట నన్ను వదల్లేదు. అందుకే నిన్న పొద్దున్నే పాతూరికి వెళ్లి, చిన్నప్పుడు మీ అమ్మగారు మనిద్దరి చేతికీ సంచి ఇచ్చి పంపే ఆ కాఫీ పొడి అంగడిలోనే మధ్యాహ్నం వరకు కూర్చుని వచ్చాను. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయదగిన విషయం కాదు కనుక ఓపికగా రాస్తున్నాను.

అంగడి ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు, కొడుకు గింజలు వేయిస్తున్నాడు, కోడలు పొడి పట్టించి పొట్లాలు కడుతోంది. నేను ఎవరి అబ్బాయినో చెప్పగానే పెద్దాయన "రా నాయనా, లోపలికి రా" అని, మనం ఏనాడూ అడుగుపెట్టని ఆ వెనక గదిలోకి స్వయంగా తీసుకెళ్లారు.

గది నిండా గోనెసంచులే. చిక్కమగళూరు, కొడగు తోటల నుంచి వచ్చిన పచ్చి గింజలకు మన కాఫీ వాసన ఏమాత్రం లేదు. గుప్పిట్లోకి తీసుకుంటే పచ్చిగడ్డి వాసన వేసింది. కాఫీలో అరబికా, రోబస్టా అని ముఖ్యంగా రెండు రకాలు. కడిగి ఆరబెట్టిన అరబికాను ప్లాంటేషన్ అనీ, అదే పద్ధతిలో తీసిన రోబస్టాను పార్చ్‌మెంట్ అనీ, పండును పండుగానే ఎండబెట్టి తీసిన గింజలను చెర్రీ అనీ అంటారట. పండులో రెండు బద్దలకు బదులు ఒకే గుండ్రని గింజ ఏర్పడితే అది పీబెర్రీ. తన తండ్రి రోజుల్లో ఎక్కడి గింజలైనా కేంద్ర ప్రభుత్వపు కాఫీ బోర్డు వేలంలోనే కొనవలసి వచ్చేదనీ, ఆ కట్టుబాటు మెల్లగా సడలి 1996లో పూర్తిగా తొలగిన తరువాతే తోటల వాళ్లతో నేరుగా బేరం కుదిరిందనీ పెద్దాయన చెప్పారు. కొడుకు ఈ మధ్య అరకు గింజలు కూడా తెప్పిస్తున్నాడు.

గింజలు వేయించడం నేను మొదటిసారి చూశాను. వేడెక్కిన డ్రమ్ములో పోసిన గింజలు ముందు పసుపు రంగుకు తిరిగాయి. అప్పుడు వచ్చిన వాసన మన బొరుగుల బట్టి దగ్గర నిలబడితే వచ్చే వాసన లాంటిదే. రంగు ముదిరి, వేడి దాదాపు 200 డిగ్రీలకు చేరేసరికి గింజలు లోపలి ఆవిరికి చిటపటమని పగలడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి ఆ అబ్బాయి ఎవరితోనూ మాట్లాడలేదు. చెవి డ్రమ్ము వైపు పెట్టి, చిన్న గరిటెతో నాలుగు గింజలు తీసి వాసన చూసి, మళ్లీ లోపలికి వేసి, ఒక్కసారిగా మూత తెరిచి గింజలన్నీ చల్లార్చే పళ్లెంలోకి వదిలాడు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే రుచి మాడు వైపు తిరుగుతుందట. పచ్చి గింజల్లో పదింట ఒక వంతుకు పైగా నీరే కనుక కిలో గింజలు వేయిస్తే 850 గ్రాములకు మించి రావడం అరుదు. ధర విషయంలో మనం చేసే బేరాలు తలుచుకుని నాకు నొప్పి కలిగింది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. పెద్దాయన అటక మీది నుంచి ఒక పాత పుస్తకం దించి, పేజీలు తిప్పి, "వేపచెట్టు ఇల్లు" అన్న వరుస మీద వేలు పెట్టారు. అది మీ ఇల్లే. కాఫీ 70, చికోరీ 30. ఆ కాఫీలో ముప్పావు రోబస్టా చెర్రీ, పావు పీబెర్రీ. నువ్వేమో చికోరీ లేని అరబికా కోసం వెతుకుతున్నావు! అరబికా సువాసన గలది, సున్నితమైనది. కానీ చిక్కటి గేదె పాలు పోస్తే ఆ సున్నితత్వం పాలలో మునిగిపోతుంది. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదు ఎక్కువ, పాలకు తట్టుకుంటుంది. చికోరీ అంటే ఆ పేరుగల మొక్క వేరును వేయించి కొట్టిన పొడి. అందులో కెఫీన్ ఉండదు కానీ డికాక్షన్‌కు చిక్కదనాన్నీ, నలుపునూ, కాస్త తీపినీ ఇస్తుంది. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో తక్కువ పొడితో అందరికీ చిక్కని కాఫీ అందించాలని మీ అమ్మగారు ఎంచుకున్న పాళ్లు అవి అని నేను నమ్ముతున్నాను.

చికోరీ కలిపిన పొడిని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. చెప్పకుండా కలపడమే తప్పు. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు పొట్లం మీద రాయాలి. ఆ కోడలు గ్లాసెడు చన్నీళ్ల మీద చిటికెడు పొడి చల్లి చూపించింది: కాఫీ పైన తేలింది, చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగింది. నీ దగ్గరున్న పొడులను కూడా ఇలా పరీక్షించి చూడు.

పుస్తకంలోని పాళ్లతోనే పావుకిలో కలిపించాను. రేపు కొరియర్‌లో పంపుతాను. తాజాగా వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డై ఆక్సైడ్) ఇంకా మిగిలి ఉంటుంది కనుక వేడినీళ్లు పడగానే పొడి పొంగుతుంది, పాతబడితే పొంగదు. కాబట్టి డబ్బాలో గట్టిగా మూతపెట్టి, రెండు వారాల్లో వాడేయి; అయిపోగానే మళ్లీ పంపిస్తాను. అటక మీద అమ్మగారి ఇత్తడి ఫిల్టరు ఉందన్నావు కదా, దాన్ని చింతపండుతో తోమి పొడి అందులోనే వేయి. నీళ్లు మరిగిన వెంటనే కాకుండా అర నిమిషం ఆగాక పోసుకో. పొడి పొంగిందో లేదో, మొదటి గ్లాసు తాగాక ఏమనిపించిందో నాకు రాయి. పెద్దాయన కూడా అడిగారు.

నీ మిత్రుడు