మూత తీయకుండానే తీర్పు: బీమా నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి,

నమస్కారం. మా ఇంటి బీమా పదకొండేళ్లుగా ఒకే కంపెనీలో ఉంది. ఈసారి ప్రీమియం నోటీసుతోపాటు ఇంకో కాగితం వచ్చింది. మా విద్యుత్ ప్యానెల్, అంటే ఇంటి తీగలన్నీ కలిసే బ్రేకర్ల పెట్టె, పాతదట, ముప్పై రోజుల్లో మార్చి రుజువు పంపాలట, లేకపోతే పాలసీ ఉండదట. ప్యానెల్ పాతదన్న మాట నిజమే. పదకొండేళ్ల కిందట వాళ్లు పాలసీ ఇచ్చిన రోజుకే అది ముసలిది. అప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడు ఎవరూ వచ్చి చూడలేదు.

ఆ పెట్టెను నేను వెనకేసుకు రావడం లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూత తీయించాను. ముందు వాసన వచ్చింది, కుళ్లిన చేపల వాసన. తీగల తొడుగు, ప్లాస్టిక్కు వేడెక్కితే ఒక్కోసారి అలాగే వస్తుందట. కరెంటు తిరిగి వెళ్లే తీగలను బిగించే న్యూట్రల్ పట్టీ దగ్గర వంటగది తీగ చివర తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోరు తగిలితే పొడిగా రాలింది. దాని మర మీద స్క్రూడ్రైవర్ పెడితే ముప్పావు చుట్టు తిరిగింది. పక్క తీగలన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసేది బ్రేకర్ కదా, మరి అదెందుకు ట్రిప్ కాలేదని అడిగాను. "అది తనగుండా పోయే కరెంటును చూస్తుందండీ. ఎక్కడో వదులైన అతుకు కాలుతుంటే దానికెలా తెలుస్తుంది?" అన్నాడు. వదులైన చోట నిరోధం పెరుగుతుంది. అక్కడ కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. నాలుగు దీపాలకూ రెండు ఫ్యాన్లకూ వేసిన తీగల మీద ఇవాళ ఏసీ, ఓవెన్, వాషింగ్ మెషిన్ నడుపుతున్నాం. అయితే నిన్న బిగించిన కొత్త ప్యానెల్లో మర వదులుగా వదిలేసినా జరిగేది ఇదే. కాగితం మీద వయసు చూసి తీర్పు చెప్పేవారికి ఇది ఎప్పటికీ కనిపించదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ అమెరికాలో ఉంది. 1950ల నుంచి 1980ల దాకా అక్కడ లక్షల ఇళ్లలో ఫెడరల్ పసిఫిక్ కంపెనీ స్టాబ్-లాక్ ప్యానెళ్లు పెట్టారు. మూత తీసి చూసినా పైకి ఏ లోపమూ కనిపించకపోవచ్చు. కాని పరీక్షల్లో కొన్ని బ్రేకర్లు ట్రిప్ కావలసినప్పుడు కాలేదు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ దర్యాప్తు మొదలుపెట్టి, సంగతి తేల్చడానికి కావలసినంత డబ్బు లేదని 1983లో మూసేసింది. ప్రమాదమనీ అనలేదు, క్షేమమనీ అనలేదు. ఆ కంపెనీ వినియోగదారులను మోసగించిందని న్యూజెర్సీ కోర్టు 2002లో తేల్చేదాకా చాలా ఏళ్లే గడిచాయి. ఈలోగా, ఆ తరువాత కూడా, తీర్పరులు బీమా కంపెనీలే. ఒకరు పాలసీ ఇవ్వరు, ఒకరు ప్రీమియం పెంచుతారు, ఒకరు అసలు అడగరు. చెప్పవలసినవారు చెప్పకపోతే చెప్పే పని ఎవరి చేతికి పోతుందో ఇంతకంటే వివరంగా ఏ కమిటీ నివేదికా చెప్పలేదు.

అందుకే మీకు రాస్తున్నాను. ప్యానెల్ గురించి అడగదలిస్తే కంపెనీ దరఖాస్తులోనే అడగాలి, మూడు నాలుగు ముక్కల్లో: ఫ్యూజులా బ్రేకర్లా, ఏ కంపెనీది, చివరిసారి మూత తీసి చూసింది ఎప్పుడు. అప్పుడు అడగని సంగతిని ఇల్లు కాలాక బయటికి తీసి క్లెయిము తోసిపుచ్చకూడదు. నాకు అన్నిటికన్నా భయం అదే. పాలసీ పోతే ఇంకోటి వెతుక్కుంటాం, బూడిద ముందు నిలబడి "మీరు మాకు చెప్పలేదు" అనిపించుకోవడం వేరు. ఇక మార్చమని రాసేటప్పుడు "పాతది" అన్న ఒక్క మాట చాలదు, లోపమేమిటో రాయాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ మూత తీసి, మరలు బిగించి, బ్రేకర్లు పరీక్షించి ఇచ్చిన నివేదికను చదవాలి. స్టాబ్-లాక్ లాంటివైతే నివేదికతో పని లేదు, మార్చవలసిందే. అక్కడ కంపెనీల పక్షాన నిలబడడానికి నాకేమీ మొహమాటం లేదు.

గడువు సంగతి కూడా చూడండి. ప్యానెల్ మార్చడమంటే బల్బు మార్చడం కాదు. విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టాలి, వాళ్లు సరఫరా ఆపాలి, పని అయ్యాక తనిఖీ జరగాలి, మళ్లీ కలపాలి. ఇందులో ఇంటి యజమాని చేతిలో ఉన్నది దరఖాస్తు ఒక్కటే.

మా ప్యానెల్ మారుస్తున్నాను. కరెంటు ఆపడానికి విద్యుత్ సంస్థ ఇచ్చిన తేదీ నోటీసు గడువు దాటాక తొమ్మిదో రోజు. ఆ తొమ్మిది రోజులు మా ఇంటికి బీమా ఉన్నట్టా, లేనట్టా అని ఏజెంటును అడిగాను. కనుక్కుని చెబుతానన్నారు. రెండు వారాలైంది. మీరైనా చెప్పగలరా?

ఇట్లు,
ఒక పాలసీదారు