లారీ మోడల్‌కి దుమ్ము పట్టించే పద్ధతి
మీరు చేసిన చిన్న లారీ మోడల్ ఫొటోలు చూశాను, పెయింటింగ్ సూపర్ గానీ బండి మరీ కొత్తగా ఉంది. టార్పాలిన్‌కి ప్లాస్టిక్ వద్దు, టిష్యూ పేపర్‌ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి లోడు మీద పరిచి ఆరకముందే తాడు బిగిస్తే ముడతలు వాటంతటవే పడతాయి. తాడు మందం మాత్రం చూసుకోండి, అసలు 20 మి.మీ. ఉన్నది 1:24 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 24వ వంతులో, సుమారు 0.8 మి.మీ. అవుతుంది, అక్కడ పురికొస కడితే ఓడ లంగరు తాడే!

గోధుమరంగు చాక్ పొడి చక్రాల వెనక, మడ్‌ఫ్లాప్‌ల మీద దట్టంగా అద్దండి. అద్దం మీద వైపర్ తిరిగే మేర తుడిచేయాలి. డీజిల్ ట్యాంకు మూత కింద మెరిసే నల్లచార ఒక్కటి చాలు, అతి చేయకండి.

నంబర్ ప్లేటు పసుపు మీద నలుపు. 2014 జూన్ నుంచి 2024 మార్చి దాకా రిజిస్టరైన తెలంగాణ బండి అయితే టీఎస్ రాయండి, టీజీ కాదు.