బోరింగు నీళ్లను కూడా అభివృద్ధి కిందనే లెక్కేసిండ్రు

ఎడిటర్ గారికి నమస్కారం,

పేపర్ల ఒకరోజు మన దేశం జీడీపీలో మొదటి ఐదింట్ల ఉందని వస్తది, ఇంకోరోజు మానవాభివృద్ధి సూచీలో 193 దేశాల్లో 130వ ప్లేసని వస్తది, రెండూ నిజమే, కానీ ఏది దేన్ని కొలిచిందో ఎవరూ రాస్తలేరు. జీడీపీ ఏడాదిల తయారైన సరుకులు, సేవల విలువ, అంతే. మనిషి బతుకు అందులో కనపడదని 1990ల మహబూబుల్ హక్, అమర్త్యసేన్ అసుంటి ఆర్థికవేత్తలు ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపి ఈ సూచీ తెచ్చిండ్రు. మంచి పని. 2010ల వచ్చిన బహుముఖ పేదరిక సూచీ అయితే ఇంట్లకే వచ్చి పొయ్యి, మరుగుదొడ్డి, కరెంటు, తాగే నీళ్లు చూస్తది.

ఆ తాగే నీళ్ల గురించే నా బాధ. మాది మర్రిగూడ దిక్కు. మా నాయినమ్మను వెనక నుంచి పిలిస్తే మెడ తిరగకపోయేది, కట్టె పట్టుకొని మనిషి మొత్తం తిరిగేది, అప్పటికి ఆమెకు అరవై కూడా నిండలే. అందరం వాడకట్టు బోరింగు నీళ్లే తాగినం, ఆ నీళ్లల్ల ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువ, నా పళ్ల గార ఇప్పటికీ పోలే. 2000ల ఐక్యరాజ్యసమితిల దేశాలన్నీ పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాల లెక్కల బోరు, చేతిపంపు ఉంటే చాలు, అది మెరుగైన నీళ్ల కిందికే వస్తది, ఆ నీళ్లల్ల ఏముందో పరీక్ష చెయ్యాలని లేదు. తాగునీటి లక్ష్యం గడువుకన్నా ముందే చేరినమని 2012ల యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిన డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటించినయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పేది కూడా ఆ డబ్ల్యూహెచ్‌ఓనే, కానీ ఆ లెక్కల ఫ్లోరైడ్‌కు గడే లేదు, మా బోరింగు కూడా పాసైంది.

2015ల సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వచ్చినంక కొలత మార్చిండ్రు, నీళ్లు ఇంటికాడనే ఉండాలె, కావాల్సినప్పుడు దొరకాలె, మురికి క్రిములు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఉండొద్దు అని. నేనైతే అసలైన కొలత ఇదే అంట. ఇప్పుడు మా ఇంట్ల కృష్ణా నీళ్ల నల్లా ఉంది, మా పిల్లల పళ్లు తెల్లగున్నయి. కానీ నల్లా బందైన రోజు మా వాడోళ్లు మళ్ల ఆ బోరింగు కాడికే పోతరు, సర్వేకొచ్చినాయన నల్లా ఉందా అని అడిగి టిక్కు పెట్టుకొని పోయిండు, ఎన్ని రోజులు వస్తదని అడగలే.

ఇకనుంచి ర్యాంకు వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సు కట్టి, ఏమేం కలిపి లెక్కేసిండ్రో, ఏం వదిలేసిండ్రో కూడా రాయమని కోరుతున్న.

— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా