మార్ఖా లోయకు, హంకర్ ఊరికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

మా తమ్ముడు సోమవారం నుంచి మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాడు. లద్దాఖ్ ట్రెక్కింగ్‌లో ఎత్తు పడక వాడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఇప్పుడు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఇక ఏమీ లేదని చెప్పారు. ఫోన్లు చేసి అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చాను. కానీ వాడిని మాకు దక్కించినవాళ్లు ఎవరో, ఎవరు ఏం చేశారో ఒకచోట కుదురుగా రాయాలని లేహ్ ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడే అనుకున్నాను. వాళ్లలో ఒక్కరికి తప్ప తెలుగు రాదు. మా గైడుకు దీన్ని హిందీలో చెప్తాను, అతను లోయకు వెళ్లినప్పుడు లద్దాఖీలో చెప్తానన్నాడు. అందుకని ఏదీ వదలకుండా రాస్తున్నాను.

మేం వెళ్లింది లద్దాఖ్‌లోని మార్ఖా లోయకు. నేను, తమ్ముడు, మా మరదలు. స్తోక్ కొండల వెనక, హెమిస్ నేషనల్ పార్కు లోపల ఉంటుంది ఆ లోయ. చిల్లింగ్ దగ్గర జాంస్కార్ నది దాటి లోపలికి నడిస్తే స్కియూ, మార్ఖా, ఉమ్లుంగ్, హంకర్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఊరంటే కొన్ని ఇళ్లే. బార్లీ చేలు, కాలువల వెంబడి విల్లో చెట్లు, ఇంటి కప్పుల మీద చలికాలానికి ఎండబెట్టిన గడ్డి, ఊరి మొదట్లో చోర్టెన్లు అనే తెల్లటి బౌద్ధ స్తూపాలు, మంత్రాలు చెక్కిన రాళ్లతో కట్టిన పొడవాటి మణి గోడలు. ఆ గోడను కుడిచేతి వైపు ఉంచుకుని దాటాలని మొదటి ఊళ్లోనే ఒక చిన్నపిల్ల మా మరదలి చెయ్యి పట్టుకుని చూపించింది. మేం వెళ్లింది సెప్టెంబరులో, బార్లీ కోతల సమయంలో. ఈ సంగతి గుర్తుంచుకోండి. అక్కడ ఏడాదికి ఒక్కటే పంట. మంచు పడేలోగా కోసి, నూర్చి, ఇంట్లో వేసుకోవాలి. ఆ రోజుల్లో ఒక మనిషి చేను వదిలి రావడమంటే చిన్న విషయం కాదు.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఆగాల్సినన్ని రోజులు ఆగాం, తర్వాత నెమ్మదిగానే పైకి వెళ్లాం. హంకర్ దాదాపు 4,000 మీటర్లు. అక్కడి నుంచి నిమాలింగ్ మైదానం దాదాపు 4,800. లోయలోని ఊళ్లవాళ్లు వేసవిలో గొర్రెల్ని, మేకల్ని, యాక్‌లను తోలుకొచ్చి మేపుకునే పచ్చిక అది. ఎదురుగా 6,400 మీటర్ల కాంగ్ యాత్సే శిఖరం. మర్నాడు తెల్లవారుజామున బయల్దేరి కొంగ్మారు లా కనుమ దాటాలని ప్లాన్.

సాయంత్రం తమ్ముడికి పొడిదగ్గు మొదలైంది. రాత్రి భోజనం వద్దన్నాడు. అర్ధరాత్రి మరదలు నన్ను లేపేసరికి వాడు పడుకోలేక కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలో బుడబుడమని చప్పుడు. టార్చి వెలుగులో పెదవులు నీలంగా ఉన్నాయి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టిన ఆక్సీమీటరు 60 దాటలేదు. ఆ ఎత్తులో మామూలుగా 80 చుట్టూ ఉంటుందని గైడు అంతకుముందే చెప్పాడు కాబట్టి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

తర్వాత లేహ్‌లో డాక్టరమ్మ వివరంగా చెప్పారు. ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి గాలి గదుల్లోకి నీరు చేరుతుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, ఎంత ఆరోగ్యవంతులైనా, కొందరి శరీరానికి ఇలా జరుగుతుందట. దీనికి అసలు మందు కిందికి దించడం. ఆక్సిజన్, మాత్రలు దానికి తోడు మాత్రమే. తెల్లవారేదాకా చూద్దామని ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ చివరి మాట డాక్టరమ్మ చెప్పకముందే, ఆ రాత్రి మా చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ముందుగా మా గైడుకు. పాతికేళ్లు కూడా ఉండవు అతనికి. లోపలికి వచ్చి, తమ్ముడి వీపుకు చెవి ఆనించి విని, వెంటనే "ఇప్పుడే దిగాలి, పొద్దున కాదు" అన్నాడు. మా మొహాలు చూసి మెత్తబడలేదు. మందుల సంచిలోంచి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గించే నిఫెడిపిన్ మాత్ర తీసి వేశాడు. కనుమ అవతల రోడ్డు దగ్గరే కదా, అటు వెళ్దామా అని నేనే అడిగాను. అటు వెళ్లాలంటే ముందు ఇంకో 400 మీటర్లు ఎక్కాలి, అక్కడే అయిపోతాడు అని ఒక్క ముక్కలో చెప్పాడు. అతని తల్లిదండ్రులు ఇది వింటారో లేదో తెలీదు. మీ అబ్బాయి ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం వల్లే మా అమ్మానాన్నలకు కొడుకు ఉన్నాడండీ.

రెండోది, పక్క గుడారాల బృందానికి. వాళ్లు కాంగ్ యాత్సే ఎక్కడానికి వచ్చారు. అత్యవసరానికి ఒక ఆక్సిజన్ సిలిండరు తెచ్చుకున్నారు. మా గైడు వెళ్లి అడగ్గానే వాళ్ల లీడరు సిలిండరు, మాస్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సిలిండరు లేకుండా తన మనుషుల్ని శిఖరం మీదికి తీసుకెళ్లడు కాబట్టి వాళ్ల యాత్ర అక్కడితో ఆగిపోయినట్టే. ఏడాది పాటు డబ్బు కూడబెట్టుకుని వచ్చినవాళ్లు. ఒక్కరు కూడా మొహం చిన్నబుచ్చుకోలేదు. వాళ్లలో ఒకావిడ తన డౌన్ జాకెట్ విప్పి తమ్ముడికి తొడిగింది. చలికి కూడా ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుందట. మీరు ఎక్కడివారో కూడా ఆ గాభరాలో సరిగ్గా అడగలేకపోయాం. జాకెట్, సిలిండరు లేహ్‌లో మీ ఏజెన్సీకి అప్పగించాం. మీకు నేరుగా చెప్పాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది. ఈ పోస్టు మీదాకా వస్తే దయచేసి పలకండి.

ఇక గుర్రాల అచో-లే. అక్కడ పెద్దవాడైన మగవాణ్ణి అలాగే పిలుస్తారు, మనం అన్నా అన్నట్టు. ఆయనది హంకర్. మా సామాను మోసిన గుర్రాలు ఆయనవే. ఈ జబ్బులో మనిషిని నడిపించకూడదు. శ్రమ పడ్డకొద్దీ నీరు ఇంకా చేరుతుంది. అందుకని తమ్ముణ్ణి గుర్రం మీద కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా ఒకపక్క ఆయన, ఇంకోపక్క వంట కుర్రాడు పట్టుకున్నారు. చీకట్లో, టార్చీల వెలుగులో, చిన్న చిన్న చెరువుల పక్కనుంచి, గులకరాళ్ల వాలు మీదుగా, హంకర్‌కు పైన ఉన్న థొచుంత్సే అనే చోటు దాకా దిగాం. రాత్రిపూట మంచు కరగదు కాబట్టి ఏట్లో నీళ్లు తక్కువగా ఉన్నాయి. అయినా దాటేటప్పుడు మోకాళ్ల దాకా తడిసింది. అచో-లే గుర్రం కళ్లెం పట్టుకుని ముందు తను దిగి, అడుగు మోపే చోటు వెతికి, అప్పుడు దాన్ని నడిపించాడు. ప్రతిసారీ అంతే. దారి పొడవునా సన్నగా మంత్రం చదువుతూనే ఉన్నాడు. గైడు సిలిండరు ధారను తగ్గించి, హంకర్ దాకా సరిపోయేలా చూసుకున్నాడు.

నాకు ఆ ప్రయాణంలో ఎక్కువ గుర్తున్నది మరదలి చెయ్యి. ఏటి ఒడ్డున ఒక్కసారి గట్టిగా పట్టుకుంది, మళ్లీ హంకర్‌లోనే వదిలింది.

హంకర్‌లో తెల్లవారక ముందే అచే-లే, అంటే అక్క, ఆ ఇంటి ఇల్లాలు, తలుపు తీసింది. మేం రెండు రాత్రుల కిందట బస చేసిన ఇల్లే. వంటగదిలో పొయ్యి వెలిగించి, దానికి దగ్గరగా పరుపు వేసి, తమ్ముణ్ణి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. చుట్టూ అరల్లో ఇత్తడి, రాగి పాత్రలు. చిల్లింగ్ కంసాలుల పనట అవి, అత్తగారి తరం నాటివి. వాటిల్లో పెద్దదాన్ని దించి నీళ్లు కాచి, సీసాల్లో పోసి వాడి కాళ్ల దగ్గర పెట్టింది. వాళ్లబ్బాయి ఫోను అందే చోటు వెతుక్కుంటూ లోయ కిందికి పరిగెత్తాడు. ఆ పదిహేడేళ్ల పిల్లాడు తెచ్చిన కబురుతోనే జీపు వచ్చింది.

ఊళ్లో అమ్చీ ఒకాయన ఉన్నారు. అమ్చీలంటే సోవా రిగ్పా అనే టిబెటన్ సంప్రదాయ వైద్యం చేసేవాళ్లు. 2010లో మన దేశం ఈ వైద్యాన్ని అధికారికంగా గుర్తించింది. ఆయన వచ్చి మూడు వేళ్లతో నాడి పట్టుకుని చాలాసేపు చూశారు. నేను ఏదో మందు ఇస్తారని చేతులు జోడించి నిలబడ్డాను. ఆయన లేచి, "ఇది నా మందుకు లొంగదు, లేహ్ తీసుకెళ్లండి, దారిలో ఎక్కడా ఆపకండి" అన్నారు. తన విద్య మీద అంత నమ్మకం ఉన్న పెద్దమనిషి, ఇంటి ముందు ఊరంతా చూస్తుండగా, ఆ మాట అంత తేలిగ్గా అనగలగడం నాకు ఆయన మీద ఎనలేని గౌరవం కలిగించింది. అమ్చీగారూ, మీకు పాదాభివందనం.

జీపు వచ్చేదాకా అబీ-లే, అంటే ఆ ఇంటి అవ్వ, తమ్ముడి పక్కనే కూర్చుని ప్రార్థనా చక్రం తిప్పుతూ ఉంది. మేమే-లే, తాతగారు, నన్ను పలకరించడానికి మీది ఏ ఊరని అడిగారు. గుంటూరంటే తెలియలేదు. అమరావతి పక్కన అన్నాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రమనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు ఆయన వచ్చారట. బుద్ధుడు మొదట కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతి దగ్గరే అని వాళ్ల సంప్రదాయం చెప్తుంది. ఆ ఎండ, కృష్ణలో స్నానం, రోడ్డు పక్కన ఎవరో డబ్బులు వద్దని ఇచ్చిన అరటిపళ్లు, అన్నీ చెప్పారు. పుట్టినప్పటి నుంచి అమరావతికి గంట దూరంలోనే ఉన్నాను. మా ఊళ్లో ఎవరో చేతిలో పెట్టిన అరటిపళ్లను ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్న మనిషి హిమాలయాల్లో, ఆ ఇంట్లో ఉన్నాడు. ఆ పూట నాకు ధైర్యం వచ్చింది ఆ మాటలతోనే. అరటిపళ్లు ఇచ్చిన ఆ తెలియని మనిషికీ నా నమస్కారం.

లేహ్‌లో ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడి డాక్టర్లు, నర్సులు ఇలాంటి కేసుల్ని ఎంత తరచుగా చూస్తారో వాళ్ల చేతుల వేగంలోనే తెలుస్తుంది. ఒక్క నిమిషం వృథా కాలేదు. రాత్రి డ్యూటీ సిస్టరుగారు ప్రతి గంటకూ వచ్చి మాస్కు సర్ది, మరదలి భుజం తట్టి వెళ్లేవారు. ఆసుపత్రి మెట్ల మీద నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఒక జవాను ఆగి, "అక్కా, తెలుగువాళ్లా?" అన్నాడు. శ్రీకాకుళం వైపు అబ్బాయి. విషయం విని, సెలవు రోజున తన యూనిట్ స్నేహితులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మందులు తేవడం, విమానం టికెట్లు మార్పించడం అంతా వాళ్లే చూసుకున్నారు. వేడి వేడి అన్నం, పప్పుచారు, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ డబ్బా తెచ్చి మా ముందు పెట్టారు. తమ్ముడూ, నీ పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. మీ అమ్మగారికి ఫోన్ చేసి మాట్లాడాను, ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కోలుకున్నాక గైడు చేతికి ఒక కవరిచ్చి అచో-లేకు పంపాం. గుర్రాలకు రోజుకు ముందే అనుకున్న రేటు లెక్కగట్టి, అంతవరకే తీసుకుని, మిగతాది వెనక్కి పంపాడు. అచే-లే ఆ పూట మాకు పెట్టిన చాయ్‌కి, ఖంబీర్ రొట్టెకు కూడా తీసుకోలేదు. ఆ లోయలో హోంస్టేలు ఇంటింటికీ వంతులవారీగా వస్తాయి, ఒక ఇంటికే అన్నీ దక్కవు. మంచు చిరుతలు మేకల్ని ఎత్తుకెళ్లినా ఊళ్లవాళ్లు వాటిని చంపకుండా ఉండాలంటే వాళ్లకు వేరే ఆదాయం ఉండాలన్న ఆలోచనతో మొదలైన ఏర్పాటు అది. దాని వెనక గట్టిగా పనిచేసిన రించెన్ వాంగ్‌చుక్ గారు 2011లో పోయారు. ఆయన్ను నేను చూడలేదు. కానీ ఆ రాత్రి హంకర్‌లో మాకు ఒక తలుపు, ఒక పొయ్యి, తెలిసిన ఒక అచే-లే ఉండడంలో ఆయన భాగం కూడా ఉంది. అందుకే ఆయన్నీ తలుచుకుంటున్నాను. మీరెవరైనా అటు వెళ్తే టెంట్లు కాకుండా ఆ ఇళ్లల్లోనే దిగండి.

ఏం పంపితే పనికొస్తుందని గైడుతో అడిగించాం. ఊరికి రెండు మంచి ఆక్సీమీటర్లు, నింపిన ఆక్సిజన్ సిలిండరు ఒకటి కావాలన్నారు. సిలిండరు లేహ్‌లోనే కొని, మా గైడు ద్వారా చలి ముదరకముందే చేర్పించాం. మిగతావి ఒక పార్శిల్ కట్టి పెట్టాను. ఆక్సీమీటర్లు, వాటి బ్యాటరీలు, అబీ-లేకు ఉన్ని శాలువా, అచే-లే అడిగిన తమ్ముడి ఫోటో, వాడు రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నది, మేమే-లేకు అమరావతి స్తూపం ఫోటో పెద్దది, లామినేషన్ చేయించి. పోస్టు లోయ లోపలికి చేరేసరికి చాలాకాలం పడుతుందట. వచ్చే జూన్ తర్వాత మార్ఖా వైపు ట్రెక్కింగ్‌కు వెళ్లే తెలుగువాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పార్శిల్ బరువు రెండు కిలోలు దాటదు. హంకర్‌లో ఎవర్ని అడిగినా ఆ ఇల్లు చూపిస్తారు.