పుకారు కాపాడిన రాతి ఇల్లు

సంపాదకుడి గారికి,

పాత ఇంటిని మ్యూజియం చేయాలన్న మాట రాగానే అందరూ అడిగేది ఒక్కటే: 'అందులో ఏ మహానుభావుడు ఉండేవాడు?' ఆ ప్రశ్న ఎంత తప్పుదోవ పట్టిస్తుందో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, జార్జ్‌టౌన్ ఎం వీధిలో ఉన్న 'ఓల్డ్ స్టోన్ హౌస్' చూశాక నాకు తెలిసింది.

1765లో క్రిస్టఫర్ లేమన్ అనే వడ్రంగి, ఆయన భార్య రేచల్ ఈ ఇల్లు కట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల దొరికే నీలి రాయి, రెండు మూడు అడుగుల మందాన గోడలు. పాపం, కట్టిన ఏడాదే లేమన్ చనిపోయాడు. 1767లో దాన్ని కొన్న కసాండ్రా చ్యూ అనే ఆవిడ వెనకవైపు వంటగది వేయించింది. పై అంతస్తులు ఆ తర్వాత లేచాయి. ఒక్క ఊపులో కట్టిన మేడ కాదు, విడతలు విడతలుగా పెరిగిన ఇల్లు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. తర్వాత అందులో దర్జీలు, గడియారాల పనివాళ్లు దుకాణాలు పెట్టుకున్నారు. చివరికి పాత కార్ల వ్యాపారం కూడా నడిచింది.

వీధంతా మారిపోయినా ఇది మిగలడానికి కారణం ఒక పుకారు. రాజధాని నగరానికి ప్లాన్ వేసే రోజుల్లో జార్జి వాషింగ్టన్ ఇక్కడే మకాం పెట్టాడని జనం గట్టిగా నమ్మారు. నిజానికి ఆ పనులు నడిచింది సూటర్ అనే ఆయన సత్రంలో. ఆ సూటర్ కొడుకు తర్వాత ఈ రాతి ఇంట్లో గడియారాల దుకాణం నడిపాడు. తండ్రీ కొడుకుల పేరు ఒకటే కావడంతో సత్రం కథ ఈ ఇంటికి అంటుకుంది. 1953లో ఫెడరల్ ప్రభుత్వం 90 వేల డాలర్లు పెట్టి ఇంటిని కొన్నది. ఆ కథ నిజం కాదని తేలినా వదిలేయకుండా, 18వ శతాబ్దపు మామూలు కుటుంబం ఎలా బతికిందో చూపించే ఇల్లుగా బాగుచేసి 1960లో జనానికి తెరిచారు. వాషింగ్టన్‌లో తన అసలు పునాది మీదే నిలిచి ఉన్న కట్టడాల్లో అత్యంత పాతది ఇదేనంటారు. ఆ పుకారే పుట్టకపోతే అక్కడ ఈపాటికి ఏ షాపింగ్ కాంప్లెక్సో ఉండేది. అది తలుచుకుంటేనే నాకు గుండె కలుక్కుమంటుంది. ఇలాంటి పుకారు పుట్టక ఎన్ని ఇళ్లు కూలిపోయి ఉంటాయో!

రాజుల సామాన్లు చూపించే మ్యూజియాలకు కొదవ లేదు. పనివాళ్ల ఇల్లు ఎంత ఇరుకుగా ఉండేదో, పొయ్యి ఎక్కడ ఉండేదో, మెట్లు ఎంత నిటారుగా ఉండేవో చెప్పేవి తక్కువ. అలాంటి ఇళ్లలో అసలు ప్రదర్శన గోడలే. అందుకే మరమ్మతుల్లోనూ జాగ్రత్త కావాలి. సున్నంతో కట్టిన రాతి గోడ సందుల్లో సిమెంటు కూరితే లోపలి చెమ్మ బయటికి పోలేక రాయే పొరలు పొరలుగా రాలిపోతుంది. పాత గోడకు సున్నమే వాడాలి.

వారసత్వ కట్టడాల జాబితాలు తయారు చేసే అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. 'ఎవరు నివసించారు' అన్న గడి పక్కనే 'ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఎప్పుడెప్పుడు ఏం మార్చారు' అన్న గడులు కూడా పెట్టండి. పుకారు ఉంటే దాన్ని పుకారుగానే బోర్డు మీద రాయండి.

— ఒక పాఠకుడు